రాజవల్లభుని కథ వ్రాసిన రాయబారి

హంగేరీ అనగానే భారతీయ విద్వాంసులకు మొదట స్ఫురించే పేరు అలెగ్జాండర్ చోమా. తన జాతి తూర్పున ఎక్కడ పుట్టినదో తెలుసుకోవలెనని ట్రాన్సిల్వేనియా సీమనుండి బయలుదేరి, లడఖ్ ప్రాంతపు మఠాలలో చలికి ఓర్చి, టిబెటు భాషకు నిఘంటువును, వ్యాకరణాన్ని కూర్చి, 1834లో కలకత్తాలో అచ్చువేయించి, ఆసియాటిక్ సొసైటీ గ్రంథాలయంలో పనిచేసి, 1842లో డార్జిలింగులో కన్నుమూసిన ఆ పండితుని కథ ఈ దేశంలో కొంత ప్రచారంలో ఉన్నది. ఆయన మరణానికి ఒక సంవత్సరం ముందు, 1841లో, ఆయన స్వదేశంలో ముప్ఫై యేండ్ల ప్రభువంశీయుడొకడు అయిదంకాల విషాద నాటకమొకటి వెలువరించినాడు. హంగేరియన్‌లో దాని పేరు 'కెద్యెంత్స్'. తెలుగులో 'రాజవల్లభుడు' అనవచ్చును. ఆ రచయిత మరొక నాటకం వ్రాయలేదు. అటుపై ఆయన రాయబారి అయినాడు, ప్రవాసి అయినాడు, ఖైదీ అయినాడు, శాసనసభలో ఒక పక్షానికి నాయకుడయినాడు. యాబది యేండ్ల వయస్సున, తాను ప్రసంగించవలసిన నాటి ముందు రాత్రి, తన చేతితోనే ప్రాణం తీసుకున్నాడు.

ఆయన పేరు లాస్లో టెలెకి. 1811 ఫిబ్రవరి 11న పెస్ట్ నగరంలో పుట్టి 1861 మే 8న అదే నగరంలో మరణించినాడు. ఆయనను గురించి వ్రాసేవారు సాధారణంగా మూడు అరలలో మూడు టెలెకిలను ఉంచుతారు. దౌత్య చరిత్రకారునికి ఆయన పారిస్‌లో గుర్తింపు పొందలేకపోయిన ప్రతినిధి. సాహిత్య చరిత్రకారునికి ఒకే ఒక్క నాటకం వ్రాసి ఊరుకున్న అభిరుచిగల ధనికుడు. కథలు చెప్పుకునేవారికి విడరాని చిక్కుముడి వంటి ఒక ఆత్మహత్య. ఈ మూడు అరలనూ వేరుచేసిన గోడలు పలుచనివి. మనస్సులోని మాటను దాచుకొని బ్రతకడం సాధ్యమా, దాచుకున్నవాడు చివరకు ఏమవుతాడు అన్న ఒక్క ప్రశ్న నాటకంలోను, రాయబారంలోను, మరణంలోను వినిపిస్తున్నది.

టెలెకి వంశం ట్రాన్సిల్వేనియాకు చెందిన పాత ప్రభు కుటుంబం. మతంచేత కాల్విన్ అనుయాయులు. కనుక కాథలిక్ హాబ్స్‌బర్గ్ ఆస్థానానికి వారు ఎన్నడూ పూర్తిగా లోపలి మనుషులు కారు. పదేండ్ల ప్రాయంలో తండ్రి పోయినాడు. ఆ తండ్రి కూడా కలం పట్టినవాడే. సవతి అన్న యోజెఫ్ టెలెకి చరిత్రకారుడు. హంగేరియన్ విద్వత్పరిషత్తుకు తొలి అధ్యక్షుడు. ఆ సంస్థ పుట్టుక విచిత్రమైనది. 1825లో ఇస్త్వాన్ సేచేనీ అనే యువప్రభువు తన ఒక యేటి ఆదాయాన్ని మాతృభాషా వికాసానికి ఇస్తానని శాసనసభలో ప్రకటించినాడు. మరుసటి యేడు యోజెఫ్ టెలెకి ముప్ఫై వేల సంపుటాల కుటుంబ గ్రంథాలయాన్ని అందుకే అర్పించినాడు. అంతవరకు ఆ దేశపు రాజకార్య భాష లాటిన్. హంగేరియన్ ఆ స్థానానికి రావడం 1844లో జరిగినది. ఒక భాష వంటింటినుండి కచేరీకి నడచివచ్చిన కాలమది. అటువంటి ఇంట పెరిగినవాడు అటువంటి యేండ్లలో నాటకం వ్రాయడం కేవలం వినోదం కాజాలదు.

నాటకానికి వస్తువు రోము సామ్రాజ్యపు చివరి దినాలనుండి గ్రహించినది. మూడవ వాలెంటీనియన్ చక్రవర్తి క్రీ. శ. 454లో తన సేనాపతి ఏటియస్‌ను స్వహస్తంతో చంపినాడు. మరుసటి యేడు మార్చిలో తానే హతుడయినాడు. అతని వెనుక సింహాసనమెక్కిన పెట్రోనియస్ మాక్సిమస్ రెండున్నర నెలలైనా నిలువలేదు. జనం చేతిలో మడిసినాడు. వెనువెంటనే వాండల్ జాతివారు రోమును దోచుకున్నారు. ఈ మాక్సిమస్‌ను గురించి ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు ఒక కథ చెప్పినాడు. జూదంలో ఓడి అతడు కుదువపెట్టిన ఉంగరాన్ని చక్రవర్తి అతని భార్య వద్దకు పంపి, భర్తే పిలుస్తున్నాడని నమ్మించి, అంతఃపురానికి రప్పించి చెరచినాడట. మాక్సిమస్ పగ అప్పటినుండి మొదలయినదని ఆ కథ.

టెలెకి మాక్సిమస్ ఈ పగను కత్తితో తీర్చుకోడు. అతడు నవ్వుతాడు. చక్రవర్తికి అత్యంత ప్రియుడవుతాడు. నియంతను కేవలం చంపితే చాలదు. అతని రాజ్యాన్ని, కీర్తిని, అతనికి ఉన్న ప్రతి అండనూ అతని చేతనే కూల్పించవలెను. అందుకు దగ్గరి దారి అతని ప్రేమను సంపాదించడమే. ఈ లెక్క కోసం మాక్సిమస్ తన పరువును ఒడ్డుతాడు, స్నేహితుల గౌరవాన్ని ఒడ్డుతాడు, చివరకు ఇల్లాలు జూలియాను, కుటుంబ గౌరవాన్నీ ఒడ్డుతాడు. పగ తీరుతుంది. తీరేనాటికి, ఏ ఇంటి కోసం పగ పట్టినాడో ఆ ఇల్లు లేదు. ఏ మానం కోసం మారువేషం వేసినాడో ఆ మానాన్ని వేషమే తినివేసినది.

నాటకంగా దీనికి లోపాలు లేకపోలేదు. మాక్సిమస్ తప్ప తక్కిన పాత్రలు అతని సంకల్పానికి సాధనాలుగానే మిగిలిపోతవి. ఫ్రెంచి రొమాంటిక్ రంగస్థలపు గాలి, ముఖ్యంగా విక్టర్ హ్యూగో 1832లో ప్రదర్శించిన 'రాజుగారి వినోదం' ఛాయ, దీనిమీద సోకినట్లు కనిపిస్తుంది. అక్కడ కూడ విదూషకుడొకడు రాజు మీద పన్నిన పగ తన కన్నబిడ్డనే బలిగొంటుంది. కాని తేడా స్పష్టం. హ్యూగో విదూషకుడు విధివశాన ఓడిపోతాడు. సంచిలోని శవం ఎవరిదో అతనికి తెలియదు. టెలెకి నాయకునికి అన్నీ తెలుసు. ఏది పోగొట్టుకుంటున్నాడో లెక్క చూచుకొని మరీ పోగొట్టుకుంటాడు. ఈ నాటకంలోని భయానకత రక్తపాతంలో లేదు, ఆ లెక్కలో ఉన్నది.

భారతీయ ప్రేక్షకునికి ఇది కొంత వింతగా తోచవచ్చును. ఇక్కడి రంగస్థలం మీద మంత్రులు యథేచ్ఛగా వేషాలు వేస్తారు. విశాఖదత్తుని చాణక్యుడు అబద్ధపు ఉత్తరాలు పుట్టిస్తాడు, దొంగ కలహాలు ఆడుతాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయం'లో యుగంధరుడు పిచ్చివాడై ఢిల్లీ వీధులలో తిరుగుతాడు. పని ముగియగానే వేషం తీసివేస్తారు, లోపలి మనిషి చెక్కు చెదరక బయటికి వస్తాడు. వేషం మీద నమ్మకమే ఆ నాటకాలకు ఉల్లాసం. టెలెకికి ఆ నమ్మకం లేదు. చిరకాలం ధరించిన ముసుగు కింద ముఖం ఉండదని ఆయన అభిప్రాయం.

ఇటువంటి నాటకం వ్రాసినవాడు దౌత్యవృత్తిలో ప్రవేశించినాడంటే విధి పరిహాసమాడినట్లే.

1840ల దశాబ్దంలో ఎగువ సభలో టెలెకి ప్రతిపక్షానికి ముందు నిలిచినాడు. 1848 వసంతంలో హంగేరీకి బాధ్యతాయుత మంత్రివర్గం వచ్చినది. లయోష్ బత్యాని ప్రధాని. శరత్తు నాటికి వియన్నాతో యుద్ధం తప్పదని తేలిపోయినది. ఆ సెప్టెంబరులో టెలెకి హంగేరీ ప్రతినిధిగా పారిస్ చేరినాడు. ఆయనకు ఇచ్చిన పని ఒకటే. యూరపులో హంగేరీ అనే రాజ్యం ఉన్నదని ఎవరిచేతనైనా అనిపించడం. ఫ్రెంచి రిపబ్లిక్ విదేశాంగ మంత్రి బాస్తీద్ ఆయనను వ్యక్తిగతంగా కలిసినాడు గాని రాయబారిగా అంగీకరించలేదు. డిసెంబరులో లూయీ నెపోలియన్ అధ్యక్షుడయిన తరువాత ఆ పాటి ఆశ కూడ సన్నగిల్లినది. లండన్‌లో సహచరుడు ఫెరెంత్స్ పుల్స్కీకి ఎదురయినది ఇంతకంటె మేలు కాదు. ఇంగ్లండులో సభలు, చందాలు, సానుభూతి సమృద్ధిగా లభించినవి. అయితే, యూరపు తూకం నిలవడానికి ఆస్ట్రియా ఉండితీరవలెనన్నది పామర్స్టన్ నిశ్చితాభిప్రాయం. టెలెకి ఫ్రెంచి భాషలో కరపత్రాలు వ్రాసినాడు. నాగరిక జాతులనుద్దేశించి హంగేరీ పక్షాన ఒకటి, రష్యా జోక్యాన్ని గురించి ఒకటి. వాటిలో వేడి ఉన్నది. చదివినవారు మెచ్చుకున్నారు. ఒక్క పటాలమైనా కదలలేదు.

తెలుగు రంగస్థలానికి రాయబారమంటే కృష్ణరాయబారమే. సంధి కుదరదని ముందే తెలిసిన దూత, అయినను పోవలసిన సభకు పోవుట. ఆ దృష్టితో చూస్తే విఫలమైన రాయబారం అగౌరవం కాదు. కాని టెలెకి దౌత్యానికి విలువ కట్టవలసిన చోటు ఫ్రెంచి మంత్రుల ద్వారాల వద్ద లేదు. అది ఆయన పారిస్‌నుండి ఇంటికి వ్రాసిన ఉత్తరాలలో ఉన్నది.

అప్పటి హంగేరీ రాజ్యంలో హంగేరియన్ మాతృభాషగా గలవారు సగానికి తక్కువ. క్రోట్లు, సెర్బులు, రుమేనియన్లు, స్లోవాకులు, జర్మన్లు, రుథేనియన్లు తక్కినవారు. 1848 నాటి ఉదార నాయకులు వీరందరికీ పౌరహక్కులు ఇచ్చినారు. రైతులను వెట్టినుండి విడిపించినారు. ఇక వారికి ఫిర్యాదు ఏమి ఉండగలదని ఆశ్చర్యపోయినారు. సెర్బులు, రుమేనియన్లు ఆయుధాలు పట్టినప్పుడు, వియన్నా కుట్ర తప్ప మరొక కారణం వారికి కనిపించలేదు. కుట్ర ఉన్నమాట నిజమే. కాని అది సగం నిజం. తక్కిన సగాన్ని టెలెకి పారిస్‌లో నేర్చుకున్నాడు. అక్కడ పోలండు ప్రవాసుల పెద్ద ఆడమ్ చర్తోరిస్కీ నివాసంలో స్లావ్ జాతుల ప్రతినిధులు, రుమేనియన్లు వచ్చి కూర్చునేవారు. పరాయి నగరంలో, మూడవ భాషలో, తన దేశపు ప్రజలనే టెలెకి మొదటిసారి సమానులుగా ఎదుట కూర్చోబెట్టుకొని విన్నాడు. ఇది గమనార్హమైన విషయం. పెస్ట్ నగరంలో అది సాధ్యపడి ఉండేది కాదు.

1849 వసంతంలో కొషూత్‌కు ఆయన వ్రాసిన ఉత్తరాల సారాంశం ఇది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం అన్న మాటలు ఒక్కొక్క మనిషికి హక్కునిచ్చి ఊరుకుంటే ఇకపై చాలవు. జాతులు జాతులుగా కూడ జీవించగోరుతున్నవి. క్రోట్లకు, సెర్బులకు, రుమేనియన్లకు ధారాళంగా స్వపరిపాలన ఇవ్వండి. చనిపోయినది ఆస్ట్రియా ఒక్కటే కాదు, వెయ్యేండ్ల కిందటి స్టీఫెన్ రాజు నాటి పాత హంగేరీ కూడ చనిపోయినది. ఈ నిజాన్ని ఒప్పుకుంటే డాన్యూబు తీరంలో ఒక గొప్ప సమాఖ్యకు హంగేరీయే కేంద్రం కాగలదు.

ఈ మాటలు ఏ పరిస్థితిలో పలికినవో స్మరించవలెను. ఆ యేడు ఏప్రిల్ 14న డెబ్రెత్సెన్‌లో హంగేరీ స్వాతంత్ర్యం ప్రకటించినది. సేనలు గెలుస్తున్నవి. విజయం కలిగే వేళ తన పక్షానికి మీ రాజ్యం పాతదయినదని చెప్పగల ప్రతినిధులు అరుదు. రాయబారి అంటే తన దేశపు మాటను పరులకు మధురంగా వినిపించేవాడని సామాన్యుల అభిప్రాయం. టెలెకి పరుల మాటను తన దేశానికి చేదుగానే వినిపించినాడు. దాచుకోవడం చేతకాని ఈ గుణమే ఆయనను ఫ్రెంచి మంత్రుల వద్ద అంతగా పనికిరానివానిగా చేసి ఉండవచ్చును. అదే గుణం ఈ ఉత్తరాలను వ్రాయించినది. భాషలవారీగా రాష్ట్రాలు కోరడం దేశద్రోహమా, దేశనిర్మాణమా అన్న వాదాన్ని 1953లోను, 1956లోను దగ్గరనుండి విన్న దేశంలో ఈ ఉత్తరాలకు వ్యాఖ్యానం అవసరం ఉండదు.

కొషూత్ ఆ సలహాను అప్పటికి స్వీకరించలేదు. జూలై 28న సెగెడ్ నగరంలో శాసనసభ జాతులను గురించి ఒక చట్టం చేసినది. గ్రామంలో, బడిలో, చర్చిలో ఎవరి భాష వారిదని ఒప్పుకున్నది గాని ప్రాంతీయ స్వపరిపాలన వద్దకు పోలేదు. ఆ కాలానికి అది యూరపులో ముందడుగే. కాని అప్పటికే రష్యా చక్రవర్తి సేనలు దేశంలోకి దిగినవి. చట్టం పుట్టిన పదహారు దినాలకు, ఆగస్టు 13న, విలాగోష్ వద్ద హంగేరియన్ సైన్యం ఆయుధాలు దించినది. అక్టోబరు 6న అరాద్‌లో పదముగ్గురు సేనానులకు మరణశిక్ష అమలు జరిగినది. అదే నాడు పెస్ట్‌లో బత్యానిని కాల్చిచంపినారు.

చేతికి చిక్కనివారికి మరొక శిక్ష. 1851 సెప్టెంబరులో పెస్ట్‌లో ప్రవాసుల పేర్లు వ్రాసిన పలకలను ఉరికంబానికి తగిలించినారు. వాటిలో కొషూత్ పేరు, టెలెకి పేరు ఉన్నవి. కాన్‌స్టాంటినోపుల్‌కు హంగేరీ ప్రతినిధిగా వెళ్లిన యువప్రభువు జ్యూలా ఆంద్రాషి పేరు కూడ ఉన్నది. ఆంద్రాషి ఈ ఉరిని ఒక ఆభరణంగా ధరించినాడు. పారిస్ విలాసినులు ఆయనను 'ఉరిబడిన అందగాడు' అని పిలిచేవారు. 1850ల చివర ఆయన ఇంటికి తిరిగివచ్చినాడు. 1867లో ప్రధాని అయినాడు. 1871 నుండి 1879 వరకు తనకు ఉరి వేసిన ఆ చక్రవర్తికే విదేశాంగ మంత్రిగా పనిచేసినాడు. 1878 బెర్లిన్ మహాసభలో బిస్మార్క్ సరసన కూర్చున్నాడు. ఆంద్రాషిని అవకాశవాది అనడం తొందరపాటు. ఆయన తన దేశానికి సంపాదించి పెట్టినది తక్కువ కాదు. కాని ఒకే కంబానికి వ్రేలాడిన రెండు పేర్లు ఎంత దూరం విడిపోగలవో చూపడానికి ఇంతకంటె ఉదాహరణ దొరకదు.

టెలెకి ప్రవాసం పారిస్‌లోను, స్విట్జర్లాండులోను సాగినది. పదేండ్ల ఆ కాలాన్ని విస్తరించి చెప్పవలసినది లేదు. ప్రవాసుల కలహాలు అన్ని దేశాలలోను ఒక్కటే. 1859లో మాత్రం ఒక మెరుపు మెరిసినది. ఆస్ట్రియామీద ఫ్రాన్సు, సార్డీనియా యుద్ధానికి దిగగా, కొషూత్, టెలెకి, సేనాని క్లాప్కా ముగ్గురూ కలిసి జాతీయ నిర్వాహక సంఘంగా ఏర్పడి మూడవ నెపోలియన్‌తో, కవూర్‌తో మంతనాలు జరిపినారు. జూలై 11న విల్లాఫ్రాంకాలో ఇద్దరు చక్రవర్తులు యుద్ధం ఆపినారు. హంగేరీ మాట ఎవరికీ గుర్తురాలేదు.

1860 డిసెంబరులో టెలెకి మారుపేరుగల పాస్‌పోర్టుతో డ్రెస్డెన్ వెళ్లినాడు. అక్కడికి రానున్న ఒక ప్రియురాలిని కలుసుకోవడానికే పోయినాడని ప్రసిద్ధి. నాటకంలో వేషధారణను అంతగా గర్హించినవాడు జీవితంలో ఒక్కసారి వేషం వేసినాడు. వెంటనే దొరికిపోయినాడు. శాక్సనీ పోలీసులు పట్టుకొని ఆస్ట్రియాకు అప్పగించినారు. మరణశిక్ష పాతదే సిద్ధంగా ఉన్నది. యూరపు పత్రికలు గగ్గోలు పెట్టినవి. డిసెంబరు 31న ఫ్రాన్సిస్ జోసెఫ్ చక్రవర్తి ఆయనను స్వయంగా పిలిపించి విడుదల చేసినాడు. షరతులు మూడు. విదేశాలకు పోరాదు. ప్రవాసులతో సంబంధం తెంచుకోవలెను. కొంతకాలం రాజకీయాలకు దూరంగా ఉండవలెను.

ఇక్కడ అనువాదకులు ఆగవలసిన మాట ఒకటి ఉన్నది. హంగేరియన్‌లో 'కెద్య్' అంటే అనుగ్రహం. 'కెద్యెంత్స్' అంటే ఆ అనుగ్రహం మీద బ్రతికేవాడు, రాజవల్లభుడు. 'కెద్యెలెమ్' అంటే రాజు ప్రసాదించే ప్రాణదానం. మూడూ ఒకే వేరు. 1841లో మొదటి అర్థంతో నాటకానికి పేరు పెట్టినవానికి 1860లో రెండవ అర్థం చేతికి వచ్చినది. హిందీవారు ఈ రెండవ దానిని 'క్షమాదాన్' అంటారు. అది ఇచ్చేవాని వైపునుండి చూచిన మాట. తెలుగువారు 'క్షమాభిక్ష' అంటారు. అది పుచ్చుకునేవాని అరచేతినుండి చూచిన మాట. టెలెకి హృదయాన్ని తెలుపడానికి తెలుగు పదమే ఎక్కువ సమర్థం. చెరసాల ఆయనను లొంగదీయలేదు. ఉరికంబం మీద పేరు ఆయనను బాధించలేదు. దయ ఆయనను కట్టివేసినది.

నాలుగు నెలలు తిరగకముందే దేశం ఆయనను పిలిచినది. పన్నెండేండ్ల నిరంకుశ పాలన తరువాత 1861 ఏప్రిల్‌లో శాసనసభ సమావేశమయినది. అబోనీ నియోజకవర్గం టెలెకిని ఎన్నుకున్నది. సభలో రెండు పక్షాలు ఏర్పడినవి. ఫెరెంత్స్ దెయాక్ నాయకత్వంలోని వారు తమ కోరికలను చక్రవర్తికి విన్నపపత్రంగా పంపుదామన్నారు. రెండవ పక్షంవారు అలా పంపడమే ఆయనను న్యాయమైన రాజుగా ఒప్పుకోవడమన్నారు. పట్టాభిషేకం జరగనివాడు, 1848 చట్టాలను కాలరాచినవాడు రాజెట్లవుతాడు? కనుక తీర్మానం చాలును, విన్నపం వద్దు అన్నారు. ఈ తీర్మానపక్షానికి టెలెకి నాయకుడు. యువరచయిత మోర్ యోకై ఆ పక్షంలోనివాడే. చూడడానికి ఇది ఒక కాగితానికి పెట్టే శీర్షికను గురించిన తగవు. లోపల ఉన్నది వేరు. రాజు అనుగ్రహించి ఇచ్చినది హక్కు అవుతుందా అన్నది ప్రశ్న. ఆ ప్రశ్నకు కాదని జవాబు చెప్పవలసినవాడు, ఆ రాజు అనుగ్రహించిన ప్రాణంతో సభకు వచ్చినవాడు.

చర్చ ప్రారంభం కావలసిన నాటి ముందు, మే 7–8 తేదీల నడిమి రాత్రి, టెలెకి తన గదిలో తుపాకీతో కాల్చుకున్నాడు. తెల్లవారి పెస్ట్ నగరం హత్య అనుకున్నది. వియన్నాపై అనుమానం సహజమే. ఆత్మహత్య అన్నదే తరువాత నిలిచిన అభిప్రాయం.

కారణాలను గురించి గ్రంథాలు పెరిగినవి. ప్రేమ వైఫల్యం అన్నారు, నరాల దుర్బలత్వం అన్నారు, తన పక్షమే లోలోపల సడలుతున్నదన్న నిరాశ అన్నారు. వీటిలో చివరిదానికి బలం ఎక్కువ. నాటకాన్ని జోస్యంగా చదివేవారూ ఉన్నారు. మాక్సిమస్ టెలెకియే, చక్రవర్తి చక్రవర్తియే, కథ ముందే వ్రాసి ఉన్నది అంటారు. ఈ చదువు ఆకర్షణీయం, కాని తప్పు. మాక్సిమస్ దయను స్వీకరించి దానినే ఆయుధం చేసుకున్నాడు. టెలెకికి ఆ అవకాశం నిజంగానే ఉన్నది. విడుదలను స్వీకరించి, మాటను సాగదీసి, సమయం చూచి తిరగబడి ఉంటే లోకం నిందించేది కాదు. అనేకులు అదే చేస్తారు. ఆయన చేయలేకపోయినాడు. చక్రవర్తికి ఇచ్చిన మాట ఒక వైపు, దేశానికి చెప్పవలసిన మాట ఒక వైపు. రెంటిలో ఏ ఒక్కటి దాచినా ఆయన తాను వ్రాసిన పాత్ర అవుతాడు. నాటకం ఆయన భవిష్యత్తు కాదు, ఆయన పోవడానికి నిరాకరించిన దారి. దారి మూసుకున్నవాడు మరణించి తీరవలెనని దీని అర్థం కాదు. దెయాక్ వంటి ఓర్పు, ఆంద్రాషి వంటి తేలికతనం కూడ గౌరవనీయమైన గుణాలే. అవి ఆయనకు లేకపోవడం ఆయన దేశానికి నష్టం కలిగించినది.

'ముద్రారాక్షసం' ముగింపు ఇక్కడ జ్ఞాపకానికి వస్తుంది. నందవంశానికి అంకితమయిన రాక్షస మంత్రి, మిత్రుడు చందనదాసు ప్రాణం కాపాడడానికి, తన ప్రభువుల వంశాన్ని నాశనం చేసిన చంద్రగుప్తుని మంత్రిత్వం అంగీకరిస్తాడు. అక్కడ కూడ ఒక ఉంగరమే కథను నడిపినది. సంస్కృత నాటకకర్తకు ఇది మంగళాంతం. విధేయత ఒక ప్రభువునుండి మరొక ప్రభువుకు మారవచ్చును, దాని శుద్ధి చెడదు. విశాఖదత్తుని రాక్షసుడు పెస్ట్ నగరంలో పుట్టి ఉంటే బహుశః ఆంద్రాషి వలె బ్రతికేవాడు. కాని రాక్షసుడు కత్తి విడిచి ఖడ్గాన్ని, అనగా మంత్రిచిహ్నాన్ని, అందుకునే క్షణంలో విశాఖదత్తుడు అతనిచేత అంత సులభంగా దానిని తీసుకోనీయలేదు. ఆ సంకోచంలో ఒక నిమేషం టెలెకి కనిపిస్తాడు.

పెస్ట్ సభ కొద్ది రోజులు ఆగి, మే 13న దెయాక్ ప్రసంగంతో చర్చ మొదలుపెట్టినది. తీర్మానపక్షానికి కాల్మాన్ తిసా నాయకుడయినాడు. జూన్ 5న వోట్లు లెక్కించినారు. విన్నపానికి 155, తీర్మానానికి 152. మూడు వోట్లు. తీర్మానపక్షీయులు కొందరు కావలెననే సభకు రాక విన్నపాన్ని గెలిపించినారు. తమ మాట నెగ్గితే ఏమవుతుందో అని వారికే భయం. విన్నపం పంపినందువల్ల కూడ ఫలితం లేదు. ఆగస్టు 22న చక్రవర్తి సభను రద్దుచేసినాడు. ఆరేండ్లకు ఒడంబడిక కుదిరినది. తిసా తరువాత ఆ ఒడంబడికనే అంగీకరించి 1875 నుండి 1890 వరకు ప్రధానిగా ఉన్నాడు. ఆ పదునయిదేండ్లలో స్లోవాకుల, రుమేనియన్ల పట్ల ప్రభుత్వం అవలంబించిన తీరు టెలెకి పారిస్ ఉత్తరాలకు పూర్తి విరుద్ధం. కొషూత్ మాత్రం ప్రవాసంలో మనస్సు మార్చుకున్నాడు. డాన్యూబు జాతుల సమాఖ్యను ప్రతిపాదిస్తూ ఆయన పథకం 1862లో వెలువడినది. ఆ ఉత్తరాలు వ్రాసినవాడు అప్పటికి మట్టిలో కలిసి ఒక యేడు.

'రాజవల్లభుడు' చాలకాలం పేరుకే మిగిలినది. 1963లో జ్యూలా ఇల్యేష్ దానిని తిరిగి చేతబట్టి, భాషను, కట్టుబాటును మార్చి కొత్త నాటకంగా వ్రాసినాడు. అదే యేడు టెలెకి జీవితం మీద మరొక నాటకం కూడ వ్రాసినాడు. దాని పేరును 'వింతమనిషి' అనవచ్చును. 1956 తిరుగుబాటు అణగారిన తరువాత, అధికారంతో ఎంత దూరం నడవవచ్చునో ప్రతి రచయితా తనలో తాను కొలుచుకుంటున్న దేశంలో ఈ రెండు నాటకాలు జంటగా పుట్టినవి. మొదటిదానిలో ముసుగు తీయలేనివాడు, రెండవదానిలో ముసుగు వేసుకోలేనివాడు. ఇల్యేష్ ఆ ఇద్దరినీ ఒకే నాటకంలో ఎదురెదురుగా నిలబెట్టలేదు.